కొండ దిగితే చలి ఎడారి

మనాలి నుంచి కాజాకు 200 కిలోమీటర్ల మొరటు దారి
బండి బలం కన్నా బయలుదేరే వేళే ముఖ్యం
ఎక్కడ వెనక్కి తిరగాలో ఇంట్లోనే రాసుకోవాలి

రాయచూరు నుంచి హైదరాబాద్‌కు రమారమి 200 కిలోమీటర్లు. పొద్దున టిఫిన్ చేసి బయలుదేరితే మధ్యాహ్నం భోజనానికి చేరిపోవచ్చు. హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి నుంచి కాజాకు కూడా దాదాపు అంతే దూరం. కానీ అక్కడ తెల్లవారకముందే బండి తీసినా చీకటి పడేలోపు చేరితే సంతోషించాలి. మధ్యలో 15 వేల అడుగుల ఎత్తున కుంజుం కనుమ ఎక్కాలి. దారికి అడ్డంగా పారే వాగులు దాటాలి. కనుమ అవతల చెట్టూ చేమా లేని స్పితి లోయలోకి దిగాలి. అదే చలి ఎడారి. మంచు కొండల నుంచి ఎడారిలోకి దిగే ఇలాంటి దారి మన దేశంలో అరుదు.

సొంత బండిలో ఈ దారి చూడాలన్న ముచ్చట సరిహద్దు జిల్లాల వారికి అందనిదేమీ కాదు. హోసూరు మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే బెంగళూరు, అనంతపురం, కర్నూలు, హైదరాబాద్, నాగపూర్, ఢిల్లీ దాటించి అంబాలాకు చేరుస్తుంది. అక్కడి నుంచి చండీగఢ్ గంట ప్రయాణం. చండీగఢ్ నుంచి మనాలికి మరో 300 కిలోమీటర్లు. ఇంత దూరం సాఫీగా వచ్చిన వారికి చివరి 200 కిలోమీటర్లు ఒక లెక్కా అనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. 2,500 కిలోమీటర్లు ప్రయాణించి వచ్చాం కదా అని వెనక్కి తిరగడానికి మనసొప్పదు. ఆ మొండితనమే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ఈ ప్రయాణానికి ప్లాను అంటే ఎక్కడెక్కడ దిగాలో రాసుకోవడం ఒక్కటే కాదు. ఏ వేళకు ఎక్కడ ఆగిపోవాలో, ఎప్పుడు వెనుదిరగాలో కూడా రాసుకోవడం.

వాన రాని లోయ

మనాలికి ఉత్తరాన పీర్ పంజాల్ కొండలు గోడలా నిలబడి ఉంటాయి. నైరుతి రుతుపవనాల మేఘాలు చాలా వరకు ఆ గోడకు ఇవతలే కురుస్తాయి. అవతల లాహౌల్‌లో వాన తగ్గిపోతుంది. కుంజుం దాటి స్పితిలో అడుగు పెడితే ఇంకా తగ్గుతుంది. ఏడాదిలో ఎక్కువ నీరు మంచు రూపంలోనే దిగుతుంది. ఆ మంచు కరిగి పారే నీటిని కాలువల్లో మళ్లించుకుని బఠాణీ, బార్లీ పండించుకుంటారు. మిగిలినదంతా మట్టి రంగు కొండలు, గులకరాళ్లు, గాలి. ఇక్కడి చలి ఎడారి జీవావరణ ప్రాంతాన్ని 2025 సెప్టెంబరులో యునెస్కో తన ప్రపంచ జాబితాలో చేర్చింది. దాని విస్తీర్ణం 7,770 చదరపు కిలోమీటర్లు.

మనాలి ఎత్తు సుమారు 6,700 అడుగులు. అంటే ఊటీ కంటే కాస్త తక్కువే. అక్కడి నుంచి రోహ్‌తంగ్ కనుమ ఎక్కి దిగడం పాత పద్ధతి. 2020 అక్టోబరు 3న అటల్ సొరంగం ప్రారంభమయ్యాక ఆ కష్టం తప్పింది. సుమారు 10 వేల అడుగుల ఎత్తున కొండను తొలిచిన ఈ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు. బయటికి వచ్చాక ఎడమకు తిరిగితే సిస్సు, కేలాంగ్, లేహ్. కుడికి తిరిగితే కోక్సర్, గ్రాంఫూ. గ్రాంఫూ నుంచి చంద్రా నది పక్కన ఛత్రు, ఛోటా దర్రా, బాతల్ మీదుగా కుంజుంకు, అటు నుంచి లోసర్, కాజాలకు పోయేదే 505వ నంబరు జాతీయ రహదారి. పేరుకే జాతీయ రహదారి. గ్రాంఫూ నుంచి బాతల్ వరకు ఉన్న 50 కిలోమీటర్లు బండరాళ్లు, బురద, వాగులే. దీనికే నాలుగైదు గంటలు పడుతుంది.

వేసవి సెలవులు కుదరవు

మన పిల్లలకు సెలవులు ఏప్రిల్, మేలలో. అప్పటికి కుంజుం మీద మంచు తొలగదు. మామూలుగా ఈ కనుమ జూన్‌లో తెరుచుకుని అక్టోబరు మధ్యలో మూతపడుతుంది. ఈ నాలుగు నెలల్లోనూ అన్ని రోజులూ ఒకటి కావు. జులై, ఆగస్టుల్లో మంచు బాగా కరిగి వాగులు ఉధృతంగా ఉంటాయి. అదే సమయంలో మండి నుంచి మనాలి వరకు వానలు, కొండచరియలు. స్పితిలో వాన లేకపోయినా స్పితికి వెళ్లే దారిలో వాన ఉంటుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

సెప్టెంబరు అనువైన నెల. వాగులు తగ్గుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది. దసరా సెలవులు సెప్టెంబరు చివరికో అక్టోబరు మొదటికో వస్తే బాగా కలిసొస్తుంది. పండగ అక్టోబరు మూడో వారానికి జరిగిన ఏడాది మాత్రం కుంజుం ఆశ వదులుకోవడం మేలు. సెప్టెంబరును కూడా గుడ్డిగా నమ్మలేం. 2018 సెప్టెంబరు మూడో వారం దాటాక లాహౌల్ స్పితిలో అకాల హిమపాతం కురిసి వందల మంది చిక్కుకుపోయారు. వైమానిక దళం హెలికాప్టర్లు దిగి వారిని తరలించాల్సి వచ్చింది. కాబట్టి వేసుకున్న రోజులకు అదనంగా రెండు రోజులు చేతిలో ఉంచుకోవాలి. ఆఫీసు సెలవు ఆఖరి రోజుకు సరిగ్గా రైలో విమానమో బుక్ చేసుకుని బయలుదేరేవారే కుంజుం దగ్గర తప్పుడు నిర్ణయాలు తీసుకుంటారు.

ఒంటికీ టైమివ్వాలి

కుంజుం మీద దొరికే గాలి సముద్రతీరంలో దొరికేదాంట్లో 60 శాతం కూడా ఉండదు. యానాం, బరంపురం వంటి తీరప్రాంతాల నుంచి వచ్చిన వారైనా, మూడు వేల అడుగుల ఎత్తున ఉండే బెంగళూరు వారైనా ఇక్కడ ఒకటే. వయసు, కండబలం, రోజూ జిమ్‌కు వెళ్లే అలవాటు.. ఏవీ కాపాడవు. పాతికేళ్ల కుర్రాడికి తల పగిలిపోతుంటే అరవై ఏళ్ల పెద్దాయన హాయిగా టీ తాగుతూ కూర్చోవచ్చు.

వైద్యులు చెప్పే సూత్రం తేలికైనదే. 10 వేల అడుగులు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 1,500 అడుగులకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు పూర్తి విశ్రాంతి. మనాలిలో పొద్దున లేచి సాయంత్రానికి చంద్రతాల్ సరస్సు దగ్గర గుడారంలో పడుకునే వారు ఒక్క రోజులో ఏడు వేల అడుగులు ఎక్కినట్టు. రాత్రి తలనొప్పి, వాంతులు మొదలైతే అక్కడ ఆసుపత్రి లేదు. చీకట్లో దారీ లేదు. కాజాకు పోవాలంటే మళ్లీ ఇంకా ఎత్తైన కుంజుం ఎక్కాలి.

తలనొప్పికి తోడు వికారం, నీరసం, నిద్ర పట్టకపోవడం ఉంటే ఇక పైకి వెళ్లకూడదు. కూర్చున్నచోటే ఆయాసం, ఆగని దగ్గు, నడకలో తూలడం, పొంతన లేని మాటలు కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా కిందికి దించాలి. అది ఊపిరితిత్తుల్లోనో మెదడులోనో నీరు చేరుతున్న గుర్తు. ఆక్సిజన్ డబ్బా కాసేపటి ఆసరాయే తప్ప మందు కాదు. అసిటజోలమైడ్ మాత్ర వాడాలా వద్దా అన్నది ఇంటి దగ్గరే డాక్టరును అడగాలి. సల్ఫా మందులు పడని వారు ఆ సంగతి తప్పక చెప్పాలి.

ఒంటి సంగతి ఒక్కటే చూస్తే సిమ్లా దారి మేలు. సిమ్లా, కల్పా, నాకో, టాబో మీదుగా మెల్లగా ఎత్తు పెరుగుతుంది. రోడ్డు కూడా ఏడాదిలో ఎక్కువ కాలం తెరిచి ఉంటుంది. చిన్న పిల్లలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న వారు డాక్టరు సరేనంటే ఆ దారినే వెళ్లి ఆ దారినే రావచ్చు. కొండ ఎక్కి ఎడారిలోకి దిగే దారే కావాలంటే మాత్రం మనాలి వైపు నుంచి రావాలి. దానికి వెల రెండు రోజుల నిదానం. సొరంగం దాటాక సిస్సు, కోక్సర్ చుట్టుపక్కల 10 వేల అడుగుల ఎత్తున రెండు రాత్రులు గడిపితే ఒళ్లు కొంత అలవాటు పడుతుంది. పొద్దున మొదలయ్యే దూరం కూడా తగ్గుతుంది.

సూర్యుడే గేటు ఎత్తుతాడు

ఈ ప్రయాణంలో అసలు గడియారం నీటిది. కొండల పైన హిమానీనదాల నుంచి వచ్చే వాగులను అక్కడి వారు నాలాలు అంటారు. రాత్రి చలికి కరుగుడు ఆగిపోతుంది. తెల్లవారేసరికి నాలాలో నీరు బాగా తగ్గి ఉంటుంది. ఎండ ఎక్కాక మంచు కరగడం మొదలై ఆ నీరు కిందికి చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. పొద్దున మడమ లోతు ఉన్న చోటే సాయంత్రానికి మోకాలు దాటవచ్చు. అడుగున గుండ్రాళ్లు కూడా దొర్లుతుంటాయి. వాన పడక్కర్లేదు. ఎండ బాగా కాసిన రోజే ఎక్కువ ప్రమాదం. మబ్బు లేని రోజు చూసి మురిసిపోయే మైదాన ప్రాంతం వారికి ఇది తలకిందుల లెక్క.

నీరు చెప్పి రాదన్న సంగతి తెలుగువారికి ఇదే దారిలో ఒకసారి గుండె కోతగా తెలిసింది. 2014 జూన్ 8 సాయంత్రం. తెలంగాణ ఏర్పడి ఆరు రోజులే. హైదరాబాద్ ఇంజినీరింగ్ కళాశాల విద్యార్థులు మనాలి విహారయాత్రలో భాగంగా మండి జిల్లా థలౌట్ వద్ద బియాస్ నదిలో రాళ్ల మీద దిగారు. ఎగువన లార్జీ డ్యాం నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా ముంచెత్తింది. 24 మంది విద్యార్థులు, వారితో వచ్చిన టూరు నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. చండీగఢ్ నుంచి మనాలి వెళ్లే ప్రధాన దారి ఆ లోయలోంచే పోతుంది. అక్కడ డ్యాం గేటు ఎత్తితే నీరు వచ్చింది. పైన కుంజుం దారిలో గేటు ఎత్తేది సూర్యుడు. రెండుచోట్లా ఒడ్డున నిలబడిన వాడికి కబురు రాదు. హిమాచల్‌లో ఎక్కడా ఫొటో కోసం నది గర్భంలోకి దిగకూడదు.

అందుకే కోక్సర్ నుంచి తెల్లవారుజామున ఐదు, ఐదున్నరకే బండి కదలాలి. పెద్ద నాలాలన్నీ 10 గంటలలోపు దాటేయాలి. నాలా ముందు ఆగి రెండు నిమిషాలు చూడాలి. ఎదుటి నుంచి వచ్చే బండి ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కుతోందో గమనించాలి. ఒంటరిగా దాటకూడదు. అరగంటైనా మరో బండి కోసం ఆగాలి. దిగాక మొదటి గేరులోనే, ఒకే వేగంతో పోవాలి. మధ్యలో గేరు మార్చకూడదు, క్లచ్ తొక్కకూడదు. నీటి మధ్యలో ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయకూడదు. సిలిండరులోకి నీరు వెళ్లి ఉంటే ఇంజిన్ లోపలి భాగాలు వంగిపోతాయి. తాడు కట్టి లాగించుకోవడమే దారి. అవతలి ఒడ్డు ఎక్కాక రెండు మూడుసార్లు బ్రేకు మెల్లగా నొక్కి తడి ఆరనివ్వాలి. నీరు మోకాలు దాటి వడిగా ఉంటే మామూలు కారు దించే మాటే వద్దు. లోతు తెలియని నీటిలో దిగకూడదని పెద్దలు ఊరికే అనలేదు.

బండి సిద్ధమేనా?

నాలుగు చక్రాలకూ బలమిచ్చే బండి ఉంటే మంచిదే. లేకపోయినా నేలకు ఎత్తుగా ఉండే బండి, మంచి టైర్లు, నిదానంగా నడిపే మనిషి ఉంటే సెప్టెంబరులో ఈ దారి దాటవచ్చు. కిందికి వంగి ఉండే చిన్న కారుకు రాళ్ల మీద చమురు గిన్నె పగిలే ప్రమాదం ఉంది. స్టెప్నీ ఒకటి చాలదు, రెండు ఉండాలి. పంక్చరు సామాను, గాలి పంపు, లాగే తాడు, జాకీ కింద పెట్టడానికి ఒక చెక్క పలక, ఇంజిన్ ఆయిల్ డబ్బా.. ఇవి బరువనిపించినా ఇంట్లో వదలకూడదు. పైకి వెళ్లేకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి సీలు వేసిన చిప్స్ ప్యాకెట్ ఉబ్బినట్టే టైరు కూడా బిగుస్తుంది. చలి దాన్ని కొంత తగ్గిస్తుంది. అందుకే సొరంగం దాటాక పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి చూసుకోవాలి. టర్బో లేని పెట్రోలు ఇంజిన్ కుంజుం దగ్గర మూడో వంతుకు పైగా బలం కోల్పోతుంది. బండి లాగడం లేదని కంగారుపడక చిన్న గేరులో పోనివ్వాలి.

మన వైపు బండ్లకు ప్రత్యేకంగా చూసుకోవలసింది రేడియేటరు. బళ్లారి, రాయచూరు ఎండల్లో కూలెంటు తగ్గితే బాటిల్ నీళ్లు పోసేయడం అలవాటు. సెప్టెంబరు చివర్లో కాజాలో రాత్రి చలి సున్నా కిందికి దిగుతుంది. ఉత్త నీరు గడ్డకట్టి రేడియేటరు పగలవచ్చు. బయలుదేరే ముందే సరైన పాళ్లలో కూలెంటు నింపించుకోవాలి. మైదానంలో నింపిన డీజిల్ కూడా గడ్డకట్టే చలిలో చిక్కబడుతుంది. కాబట్టి మనాలిలో, మళ్లీ కాజాలో నింపుకోవాలి. రాత్రి నిలిపేటప్పుడు హ్యాండ్ బ్రేకు మీద ఆధారపడకుండా గేరులో పెట్టి చక్రాల కింద రాళ్లు పెట్టాలి.

కుంజుం నుంచి లోసర్‌కు దిగుడు. జయపురం, కోరాపుట్ ఘాట్లలో బండి నడిపినవారికి ఈ పాఠం కొత్తది కాదు. ఏ గేరులో ఎక్కుతామో ఆ గేరులోనే దిగాలి. బ్రేకు మీద కాలు పెట్టి దిగితే అవి వేడెక్కి పట్టు వదులుతాయి. కాలిన వాసన వస్తే ఆపి అరగంట చల్లారనివ్వాలి. ఇరుకు చోట ఎదురుపడితే ఎక్కే బండికి దారి ఇవ్వాలి.

లీటరుకు ఎనిమిదే

మనాలి వైపు నింపుకున్నాక కాజాకు పోయే ఈ దారిలో బంకు ఉందని లెక్క వేసుకోకూడదు. మైదానంలో లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే బండి ఇక్కడ 8 ఇస్తుందనే అనుకోవాలి. మనాలి నుంచి కాజాకు 200. చంద్రతాల్‌కు పక్కదారిలో పోను, రాను 28. అంటే 228 కిలోమీటర్లకు 29 లీటర్లు. కానీ కుంజుం దాకా వెళ్లాక అది మూసి ఉంటే? వెనక్కి మనాలి చేరాలంటే పోను, రాను 250, చంద్రతాల్ కలిపితే 278. అప్పుడు 35 లీటర్లు కావాలి. 45 లీటర్ల ట్యాంకు ఉన్నవారికి ఇబ్బంది లేదు. 35 లీటర్ల ట్యాంకు ఉన్న చిన్న కారుకు వెనక్కి వచ్చేందుకు ఇంధనం బొటాబొటీగానే ఉంటుంది. వారు చంద్రతాల్ మానుకోవాలి. లేదంటే గట్టి ఇనుప క్యాన్‌లో అదనపు ఇంధనం తీసుకెళ్లాలి. దాన్ని మనుషులు కూర్చునే చోట ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు.

ఫోను మూగబోయే చోట

కోక్సర్ దాటాక లోసర్ వరకు ఫోను సిగ్నల్‌ను నమ్ముకోకూడదు. అమెరికాలో ఉన్న బంధువు తెచ్చిన శాటిలైట్ ఫోనో, ఉపగ్రహం ద్వారా సందేశాలు పంపే పరికరమో ఉందని ధీమా పడేవారు ఒకటి తెలుసుకోవాలి. మన దేశంలో ప్రభుత్వ అనుమతి లేకుండా వాటిని వాడటం నేరం. విదేశీ పర్యాటకులను కూడా దీని మీద పట్టుకున్న సందర్భాలున్నాయి.

దీనికి పాతకాలపు ఉపాయమే గట్టిది. ఒక కాగితం. బండి నంబరు, ఎంతమంది, ఏ రోజు ఎక్కడ నిద్ర, ఏ దారి, కాజా చేరాక ఏ వేళకు ఫోను చేస్తారు.. ఇవన్నీ రాసి ఇంట్లో నిలకడగా ఆలోచించే మనిషికి ఇవ్వాలి. ఇంకో కాపీ కోక్సర్‌లో బస చేసిన చోట ఇవ్వాలి. చెప్పిన వేళ దాటి ఒక రాత్రి గడిచినా కబురు లేకపోతే ఎవరికి ఫోను చేయాలో కూడా అందులోనే ఉండాలి. లాహౌల్ స్పితి జిల్లా కేంద్రం కేలాంగ్. అక్కడి జిల్లా అత్యవసర కేంద్రం నంబరు, 112 రాసి పెట్టాలి. అమ్మానాన్నలు కంగారుపడతారని దారి సంగతి దాచిపెట్టి వెళ్లేవారుంటారు. ఆపద వస్తే వెతికేవారికి ఎక్కడ వెతకాలో తెలియకుండా చేసేది ఆ దాపరికమే.

2023 జులైలో భారీ వానలు, మంచుతో దారులు తెగి చంద్రతాల్ దగ్గర దాదాపు 300 మంది రోజుల తరబడి చిక్కుకుపోయారు. ఆరోగ్యం బాగాలేని కొందరిని హెలికాప్టరులో తరలించారు. మిగిలిన వారిని కుంజుం మీది మంచు తొలగించి కాజా వైపు తీసుకువచ్చారు. అన్ని రోజులూ వారి ఇళ్లలో పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. రెండు రోజుల తిండి, ఉన్ని బట్టలు, రోజూ వేసుకునే మాత్రలు అదనంగా ఉంచుకోవాలని చెప్పేది అందుకే.

రాసుకోవలసిన మూడు గీతలు

ఒకటి: 11 గంటలకు బాతల్ చేరకపోతే ఆ రోజు కుంజుం లేదు. ఒళ్లు బాగుంటే బాతల్ ధాబాల్లోనే రాత్రి గడపాలి. మంచులో చిక్కుకున్న ఎంతోమందికి ఈ ధాబాలే నీడనిచ్చాయి. రెండు: బండిలో ఏ ఒక్కరికి తలనొప్పితో పాటు వాంతులున్నా అందరూ వెనక్కే. మూడు: బాతల్‌లో వాన లేదా మంచు పడుతుంటే కనుమ ఎక్కకూడదు.

ఈ మూడింటినీ ఇంట్లో, ప్రశాంతంగా ఉన్నప్పుడు, అందరి ముందూ ఒప్పుకుని రాసుకోవాలి. ఎవరో ఒకరికి వెనక్కి తిప్పమనే హక్కు ఇవ్వాలి. ఆ ఒక్కరు స్టీరింగ్ పట్టుకున్న వారు కాకుండా ఉంటే ఇంకా మంచిది. నడిపేవాడికి పట్టుదల ఎక్కువ. 14 వేల అడుగుల ఎత్తున, ఆకలితో, తల దిమ్ముతో ఉన్నప్పుడు ఎవరి బుద్ధీ సరిగా పనిచేయదు. కిందున్నప్పుడు రాసిన కాగితమే అక్కడ బుద్ధి చెబుతుంది.

ఎడారిలోకి దిగాక

కుంజుం మీద రంగురంగుల జెండాలు, స్తూపాలు. అక్కడ పది నిమిషాలకు మించి ఉండకపోవడమే మంచిది. లోసర్ దగ్గర తొలి పొలాలు కనిపిస్తాయి. స్పితి నది వెంట మరో 57, 58 కిలోమీటర్లు పోతే కాజా. ఎత్తు సుమారు 12 వేల అడుగులు. బంకు, ప్రభుత్వ ఆసుపత్రి, బజారు ఉన్నాయి. మర్నాడు ఎక్కడికీ పోకుండా విశ్రాంతి తీసుకోవాలి. ఇక్కడ నీరు 88 డిగ్రీలకే మరుగుతుంది. మామూలు గిన్నెలో అన్నం సరిగా ఉడకదు. సొంతంగా వండుకునే వారికి కుక్కరు తప్పనిసరి.

ఆ తర్వాత కొండ మీద గూడులా కనిపించే కీ బౌద్ధారామం, కిబ్బర్, 2017లో తెరిచిన చిచమ్ వంతెన చూడవచ్చు. 14,500 అడుగుల ఎత్తున హిక్కిం పోస్టాఫీసు 1983 నుంచి ఉంది. అక్కడి నుంచి ఇంటికి కార్డు రాయడం యాత్రికులకు ఒక సరదా. లాంగ్జా దగ్గర రాళ్లలో సముద్ర జీవుల శిలాజాలు కనిపిస్తాయి. ఈ ఎడారి కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగు. వాటిని ఏరుకోవడం, కొనడం రెండూ తప్పే. సిమ్లా వైపు దిగుతూ టాబోలో క్రీ.శ. 996లో కట్టిన మట్టి ఆరామం చూడకుండా రాకూడదు.

ఆఫ్‌రోడ్ అంటే దారి లేని చోట తొక్కేయడం అనుకునేవారు ఉన్నారు. 2023 డిసెంబరులో చంద్రా నది నీటిలో జీపు నడిపిన పర్యాటకుడికి లాహౌల్ పోలీసులు చలానా రాశారు. చలి ఎడారి నేల మీద పడిన చక్రాల గాడి వానకు చెరిగిపోదు. అక్కడ వాన లేదు కదా. గడ్డి మొలవడానికి ఏళ్లు పడుతుంది. చంద్రతాల్ 2005 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. సరస్సు ఒడ్డున గుడారాలు వేయనివ్వరు. బండి నిలిపే చోట ఆపి నడిచి వెళ్లాలి.

బండి నడపడం మీద నమ్మకం లేనివారు మనాలిలో స్థానిక డ్రైవరుతో టాక్సీ మాట్లాడుకోవచ్చు. సీజనులో హిమాచల్ ఆర్టీసీ బస్సు కూడా కాజాకు నడుస్తుంది. అందులో చిన్నతనమేమీ లేదు.

పదకొండు రోజుల లెక్క (చండీగఢ్ నుంచి చండీగఢ్‌కు)

1వ రోజు: చండీగఢ్ - మనాలి. చీకటి పడకముందే చేరాలి.
2వ రోజు: మనాలిలో విశ్రాంతి. టైర్లు, బ్రేకులు, కూలెంటు చూపించుకోవాలి. ట్యాంకు నింపాలి.
3, 4 రోజులు: సొరంగం దాటి సిస్సు, కోక్సర్ ప్రాంతంలో బస. కుంజుం తెరిచి ఉందో లేదో పోలీసులను, ఎదురొచ్చే డ్రైవర్లను అడగాలి.
5వ రోజు: తెల్లవారుజామున బయలుదేరి బాతల్, కుంజుం, లోసర్ మీదుగా కాజా.
6వ రోజు: కాజాలో విశ్రాంతి.
7వ రోజు: కీ, కిబ్బర్, లాంగ్జా, హిక్కిం.
8వ రోజు: కాజా - టాబో.
9వ రోజు: నాకో మీదుగా కల్పా.
10వ రోజు: కల్పా - సిమ్లా.
11వ రోజు: చండీగఢ్.
వీటికి తోడు చేతిలో రెండు రోజులు.

మరవకూడనివి

* రోహ్‌తంగ్ కనుమ మీదుగా వెళ్లాలంటే పర్మిట్ కావాలి. సొరంగం మీదుగా అయితే ఆ పర్మిట్ అక్కర్లేదు.
* భారతీయులకు స్పితిలో ఇన్నర్‌లైన్ పర్మిట్ అవసరం లేదు. విదేశీ పౌరసత్వం తీసుకున్న బంధువులు వెంట ఉంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, టాబో - రెకాంగ్ పియో మధ్య దారికి అనుమతి తీసుకోవాలి.
* నగదు దగ్గర ఉండాలి. ఏటీఎంలను, ఫోను చెల్లింపులను నమ్ముకోకూడదు.
* మద్యం, నిద్ర మాత్రలు ఎత్తైన చోట మొదటి రోజుల్లో పనికిరావు. నీళ్లు బాగా తాగాలి.
* ఆరు రోజుల సెలవే ఉంటే కుంజుం మాట వచ్చే ఏడాదికి వాయిదా వేయాలి. కనుమ ఎక్కడికీ పోదు.